పాత రాక్ బ్యాండ్ల ఎల్పీలు కూడబెట్టడం ఎలా

బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్, రోలింగ్ స్టోన్స్ లాంటి బ్యాండ్ల ఆల్బమ్‌లు ఎల్పీల మీద, అంటే పెద్ద నల్ల గ్రామఫోన్ రికార్డుల మీద కూడబెట్టాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒకే ఆల్బమ్, ఒకే అట్ట, అవే పాటలు. ఒకచోట కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఇంకోచోట దానికి యాభై రెట్లు అడుగుతారు. అడిగినవాడు మోసగాడేమీ కాకపోవచ్చు. మొదటిదాన్ని కారుచవకగా కొన్నానని సంబరపడినవాళ్లూ మోసపోయి ఉండొచ్చు. ఈ తేడాను చేత్తో, కంటితో, చెవితో ఎలా పట్టుకోవాలో ఇక్కడ వరసగా చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఆల్బమా, ప్రెస్సింగా?

డబ్బు తీసే ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకోండి. ఆల్బమ్ కావాలంటే, అంటే ఆ పాటలు శుభ్రంగా వినాలంటే, మంచి రీఇష్యూ (తర్వాత మళ్లీ అచ్చేసినది) చాలు. ప్రెస్సింగ్ కావాలంటే, అంటే ఫలానా దేశంలో ఫలానా ఏడాది అచ్చయిన ఆ కాపీయే కావాలంటే, అది వేరే ఆట. దానికి ఓపిక, డబ్బు, కళ్లద్దాలు మూడూ కావాలి. ఈ రెండిటినీ కలిపేసుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. వినడానికి పనికిరానంత అరిగిన 1963 నాటి కాపీకి వేలు పోస్తారు. లేదంటే నిన్నమొన్న అచ్చయినదాన్ని పాతదనుకుని కొంటారు.

ఉదాహరణకు బీటిల్స్ మోనో మిక్సులు (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా చేసినవి) వినాలని ఉందనుకోండి. 1960ల నాటి మోనో కాపీల వెంట పడక్కర్లేదు. 2014లో వచ్చిన మోనో ఎల్పీలను అనలాగ్ టేపుల నుంచే, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా కట్ చేశారు. 2012 నాటి స్టీరియో ఎల్పీలకు మాత్రం డిజిటల్ రీమాస్టర్లు వాడారు. వినడమే మీ లక్ష్యమైతే ఇలాంటి సంగతులే పనికొస్తాయి. రికార్డు మధ్యనుండే గుండ్రటి కాగితం, అంటే లేబుల్, దాని రంగు చూసి చేసేదేమీ లేదు.

ఒక్క బ్యాండు పట్టుకుని జాబితా రాయండి

కనిపించిందల్లా కొనుక్కుంటూ పోతే మూడేళ్లకు అర నిండుతుంది కానీ ఏ బ్యాండూ పూర్తికాదు. ఒక్క బ్యాండు ఎంచుకోండి. లెడ్ జెపెలిన్ అయితే లెక్క తేలిక: 1969 నుంచి 1979 దాకా ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు, విడిపోయాక 1982లో వచ్చిన ‘కోడా’. పింక్ ఫ్లాయిడ్‌కు 1967 నుంచి 2014 దాకా పదిహేను. బీటిల్స్ దగ్గరే అసలు గందరగోళం.

బీటిల్స్ ఆల్బమ్‌లు 1967 దాకా బ్రిటన్‌లో ఒక రకంగా, అమెరికాలో ఇంకో రకంగా వచ్చాయి. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ పాటలు తీసేసి, కలిపేసి, కొత్త పేర్లతో వేసుకుంది. ‘రివాల్వర్’ బ్రిటన్‌లో 14 పాటలు, అమెరికాలో 11. అదే పేరు, అదే అట్ట, మూడు పాటలు గల్లంతు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో చుట్టాలు తెచ్చిచ్చిన కాపీ ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి జాబితాలో బ్రిటిష్ వరస రాసుకోండి: 12 ఆల్బమ్‌లు, వాటికి ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’. ఈ చివరిది బ్రిటన్‌లో 1967లో రెండు ఈపీలుగా (కొద్ది పాటలే పట్టే చిన్న రికార్డులు) వచ్చింది, ఎల్పీగా మొదట వచ్చింది అమెరికాలోనే. ఆల్బమ్‌లలోకి ఎక్కని సింగిల్స్ కోసం ‘పాస్ట్ మాస్టర్స్’ చేర్చుకుంటే బ్యాండు పూర్తయినట్టే.

రోలింగ్ స్టోన్స్ తొలి ఆల్బమ్‌లకూ ఇదే తంతు. ‘ఆఫ్టర్‌మాత్’ బ్రిటిష్ కాపీలో 14, అమెరికన్ కాపీలో 11. పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్‌లోనూ అమెరికా వాళ్లు పాటలు మార్చారు.

1980ల ఆల్బమ్‌లకు ఇంకో మెలిక ఉంది. ఎల్పీలో ఒక వైపు దాదాపు 22 నిమిషాలు దాటితే ముల్లు పోయే గాడి చుట్లను దగ్గరదగ్గరగా కోయాలి, శబ్దం తగ్గించాలి. డైర్ స్ట్రైట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ 1985లో సీడీని దృష్టిలో పెట్టుకుని చేసింది, అందుకే ఎల్పీ మీద కొన్ని పాటలు కుదించారు. పాటలు పూర్తిగా కావాలంటే సీడీ గానీ, తర్వాత రెండు డిస్కులుగా వచ్చిన ఎల్పీ గానీ తీసుకోవాలి.

రికార్డుల కంటే ముందు ప్లేయర్

సూట్‌కేసు ఆకారంలో ముచ్చటగా కనిపించే చవక ప్లేయర్లతో మొదలుపెట్టకండి. వాటి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని ఉండే ముక్క) అయిదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది. మామూలు మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు రెండు గ్రాములు చాలు: ఆడియో-టెక్నికా వీఎం95ఈ‌కి 2.0, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8. బరువు మరీ తగ్గించినా మేలు జరగదు. ముల్లు గాడిలో కుదురుగా నిలవక గోడలకు కొట్టుకుంటుంది, అరుగుదల ఇంకా పెరుగుతుంది.

బరువు సరిచేసే పద్ధతి:

1. ముల్లు తొడుగు జాగ్రత్తగా తీయండి, యాంటీ-స్కేట్ (ముల్లు లోపలికి లాక్కుపోకుండా ఆపే మీట) సున్నా మీద పెట్టండి.
2. వెనకవైపు బరువును తిప్పుతూ, టోన్ఆర్మ్ (ముల్లును మోసే చేయి) పైకీ కిందికీ పోకుండా గాల్లో అడ్డంగా తేలేలా చేయండి.
3. బరువు కదలకుండా పట్టుకుని, దాని ముందున్న అంకెల చట్రాన్ని మాత్రం సున్నాకు తిప్పండి.
4. ఇప్పుడు రెండూ కలిపి తిప్పి కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన అంకెకు తీసుకురండి. యాంటీ-స్కేట్ కూడా అదే అంకెకు పెట్టండి.
5. చిన్న డిజిటల్ స్టైలస్ త్రాసుతో ఒకసారి సరిచూడండి. చవక టర్న్‌టేబుల్స్‌లో చట్రం మీది అంకె తప్పు చూపడం మామూలే.

ఆ తర్వాత ప్రొట్రాక్టర్ కాగితంతో కార్ట్రిడ్జ్ కోణం చూసుకోండి. ప్రతి వైపూ చివరి పాట మాత్రమే గరగరలాడుతుంటే రికార్డును తిట్టే ముందు ఈ కోణాన్ని అనుమానించండి. అక్కడ గాడి చుట్టుకొలత తక్కువ కాబట్టి చిన్న వంకర కూడా వినపడిపోతుంది.

అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న బెల్టు టర్న్‌టేబుల్ కరెంటు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది ఇక్కడ దాదాపు 27.8 చుట్లే తిరుగుతుంది. పాటంతా నిద్రలో పాడినట్టుంటుంది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చుకోవాలి. డీసీ మోటారు ఉన్నవాటికీ, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ వాటికీ ఈ బాధ లేదు, వోల్టులు చూసుకుంటే చాలు.

రికార్డును చేతిలోకి తీసుకున్నప్పుడు

అంచును అరచేతి వారతో, మధ్య లేబుల్‌ను వేళ్లతో పట్టుకోండి. ట్యూబులైటు కింద అన్ని రికార్డులూ బాగానే కనిపిస్తాయి. ఒకే బల్బు వెలుగులోనో, కిటికీ పక్కన ఎండ వాలుగా పడేచోటో వంచి చూడండి, లేదా ఫోను టార్చి అడ్డంగా పట్టండి.

వెంట్రుక లాంటి సన్నని గీతలు కవరులోంచి తీసిపెట్టడం వల్ల వచ్చేవి. కంటికి కనపడతాయి, చెవికి చాలాసార్లు వినపడవు. గోటిని తేలిగ్గా అడ్డంగా పోనిస్తే తగులుతున్న గీత మాత్రం తప్పకుండా వినపడుతుంది. ఎంతసేపు వినపడుతుందో లెక్క కట్టొచ్చు. 20 నిమిషాల వైపులో సుమారు 667 చుట్లు, సుమారు 8.6 సెంటీమీటర్ల వెడల్పులో ఉంటాయి. అంటే సెంటీమీటరుకు 77 చుట్లు, చుట్టుకు 1.8 సెకన్లు. లేబుల్ వైపు అడ్డంగా పోయిన ఒక్క సెంటీమీటరు గీత రెండు నిమిషాలకు పైగా ‘టక్... టక్...’ మంటూనే ఉంటుంది. అదే పొడవు గీత గాడి పోయే దారిలోనే ఉంటే ఒకటి రెండు టక్కులతో పోవచ్చు, లేదా ముల్లు ఒకేచోట ఇరుక్కుని అదే ముక్క తిరిగి తిరిగి పాడొచ్చు.

గీతల కంటే ప్రమాదకరమైంది గాడి అరుగుదల. పాత బరువైన ముల్లుతో వందలసార్లు ఆడించిన రికార్డు గీతలు లేకుండా మెరుస్తూనే ఉంటుంది గానీ, గట్టిగా పాడే చోట్ల నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది. దీన్ని ఏ కడుగుడూ బాగుచేయదు. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద ఇరుసు రాసుకున్న సన్నని గీతలు చూడండి. గజిబిజిగా చాలా ఉంటే ఆ రికార్డు చాలా తిరిగిందని అర్థం.

చివరగా రికార్డును కంటి ఎత్తున అడ్డంగా పట్టి వంపు చూడండి. కాస్త లేచి దిగే వంపును టోన్ఆర్మ్ మోసుకుపోతుంది. అంచు దగ్గర ఒక్కచోటే ఎత్తుగా లేచింది మాత్రం వదిలేయండి.

నెట్‌లో కొనేవాళ్లకు గ్రేడ్ల భాష రావాలి. గోల్డ్‌మైన్ (అమెరికాలోని రికార్డు సేకర్తల పత్రిక) పద్ధతిలో మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్ అని వరస ఉంటుంది. పేర్లు చూసి మోసపోవద్దు. ‘గుడ్’ అంటే బాగుందని కాదు, రొద మధ్య పాట వెతుక్కోవాలని. ధరల అంచనా మోటుగా ఇలా: నియర్ మింట్ వందైతే, వెరీ గుడ్ ప్లస్ యాభై, వెరీ గుడ్ పాతిక. వినడానికి కొనేవాళ్లకు వెరీ గుడ్ ప్లస్ దగ్గరే డబ్బుకు తగ్గ విలువ. బ్రిటిష్ అమ్మకందార్లలో చాలామంది వాడే రికార్డ్ కలెక్టర్ పద్ధతిలో ‘ఎక్సలెంట్’ ఉంటుంది, ‘నియర్ మింట్’ ఉండదు. అమ్మేవాడు ఏ పద్ధతి వాడుతున్నాడో అడగండి. అట్టకూ డిస్కుకూ వేర్వేరు గ్రేడ్లు అడగండి. చూసి ఇచ్చిన గ్రేడా, ఆడించి ఇచ్చిన గ్రేడా అన్నది కూడా.

డెడ్ వాక్స్ చదవడం

చివరి పాటకూ లేబుల్‌కూ మధ్య పాటలేని నున్నటి పట్టీని డెడ్ వాక్స్ అంటారు. లేబుల్ మీద, అట్ట మీద ఏం అచ్చేశారన్నది సగం కథే. ఈ డిస్కు ఎక్కడ, ఏ అచ్చు నుంచి వచ్చిందో చెప్పేది ఈ పట్టీయే. టార్చి వాలుగా పట్టి, భూతద్దంతో చదవండి.

ముందు తయారీ సంగతి తెలిస్తే అంకెలు అర్థమవుతాయి. ఇంజనీరు ల్యాకర్ అనే వార్నిష్ లాంటి పూత ఉన్న పళ్లెం మీద గాడి కోస్తాడు. దాని నుంచి లోహపు మాస్టర్, మాస్టర్ నుంచి మదర్లు, ప్రతి మదర్ నుంచి స్టాంపర్లు తీస్తారు. స్టాంపర్‌తో వినైల్ అనే ప్లాస్టిక్ ముద్దను నొక్కితే మన చేతికొచ్చే డిస్కు తయారవుతుంది. స్టాంపర్ త్వరగా అరుగుతుంది, దాన్ని పారేసి ఇంకోటి తీస్తారు.

బ్రిటన్‌లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ నొక్కిన బీటిల్స్ డిస్కు ఒకటి తీసుకుని చూద్దాం, ‘అబ్బే రోడ్’ మొదటి వైపు. ఆ పట్టీలోని పొడవాటి గుర్తింపు నంబరు (మ్యాట్రిక్స్ నంబరు) కిందికి, గడియారంలో ఆరు అంకె ఉండే చోటికి వచ్చేలా తిప్పి పట్టుకోండి. అక్కడ వై-ఇ-ఎక్స్ 749-2 అని ఉంటుంది. వై-ఇ-ఎక్స్ అంటే స్టీరియో ఎల్పీ. మోనో అయితే ఎక్స్-ఇ-ఎక్స్. చివరి 2 అంటే రెండో కటింగ్. తొమ్మిది అంకె చోట చిన్న అంకె ఉంటుంది, అది మదర్ నంబరు. మూడు అంకె చోట ఒకటో రెండో ఇంగ్లిషు అక్షరాలుంటాయి, అది స్టాంపర్ నంబరు.

అక్షరాలకు అంకె ఎలాగంటే, గ్రామఫోన్ లిమిటెడ్ పేరులోంచి పది అక్షరాలు ఏరి సంకేతంగా వాడుకున్నారు: జి-1, ఆర్-2, ఏ-3, ఎం-4, ఓ-5, పి-6, హెచ్-7, ఎల్-8, టి-9, డి-0. మూడు అంకె చోట ‘ఆర్ ఏ’ ఉంటే 23వ స్టాంపర్. ఒక్క ‘జి’ ఉంటే మొట్టమొదటిది. చిన్న నంబరు ఉన్నకొద్దీ డిస్కు ముందుగా నొక్కిందని భావించొచ్చు, ధరా పెరుగుతుంది.

ఇక్కడే చాలామంది తప్పుటడుగు వేస్తారు. మ్యాట్రిక్స్ చివర 1 ఉంటేనే మొదటి ప్రెస్సింగ్ అనుకుంటారు. ‘అబ్బే రోడ్’ మొదటి కాపీల్లోనే మొదటి వైపు 749-2, రెండో వైపు 750-1. ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ బ్రిటిష్ మొదటి ప్రెస్సింగులు రెండు వైపులా 2తోనే మొదలయ్యాయి. తొలి కటింగ్ నచ్చక పక్కన పెట్టేస్తే అది బయటికే రాదు. ఏ ఆల్బమ్‌కు ఏది మొదటిదో డిస్కాగ్స్ లాంటి డేటాబేస్‌లో ఆల్బమ్ పేరుతో కాకుండా మ్యాట్రిక్స్ నంబరుతో వెతికి తేల్చుకోండి.

కొన్నిచోట్ల కటింగ్ చేసినవాడి చేతిరాత దొరుకుతుంది. బ్రిటిష్ డిస్కుల మీద ‘ఏ పోర్కీ ప్రైమ్ కట్’ అని గీకి ఉంటే అది జార్జ్ పెకమ్ చేతి పని. అమెరికన్ ‘లెడ్ జెపెలిన్ టూ’ మీద రెండు వైపులా ఆర్-ఎల్ అని ఉంటే రాబర్ట్ లుడ్విగ్ కట్ చేసింది. దాని శబ్దం ఎంత పెద్దదంటే నాటి చవక ప్లేయర్లలో ముల్లు గంతులేసింది, కంపెనీ శబ్దం తగ్గించి మళ్లీ కట్ చేయించింది. అందుకే ఈ 1969 కాపీలకు అంత గిరాకీ. ఫొటోలో ఆ రెండక్షరాలు చూపించకుండా ‘ఆర్-ఎల్ కాపీ’ అని అమ్ముతుంటే పక్కకు తప్పుకోండి.

లేబుల్ నుంచీ కొంత తెలుస్తుంది. బీటిల్స్ మొదటి ఆల్బమ్ 1963 మార్చిలో వచ్చినప్పుడు పార్లోఫోన్ లేబుల్ నలుపు మీద బంగారు రంగు అక్షరాలతో ఉండేది. కొద్ది వారాలకే నలుపు మీద పసుపు వచ్చింది. 1969 తర్వాత వెండి రంగు అక్షరాలు, ఈఎంఐ పేరున్న చిన్న గడి వచ్చాయి. ‘డార్క్ సైడ్’ హార్వెస్ట్ లేబుల్ మీద త్రికోణం లోపలంతా నీలం నిండి ఉంటే తొలి కాపీ, గీత మాత్రమే ఉంటే తర్వాతది.

అట్టలో ఏమేం ఉండాలి

డిస్కు బాగున్నా లోపలి సరంజామా లేకపోతే ధర పడిపోతుంది. అడిగి తీరాల్సినవి:

- ‘సార్జెంట్ పెప్పర్’: కత్తిరించుకునే బొమ్మల అట్ట, తొలి కాపీల్లో ఎరుపు-గులాబీ రంగు అలల లోపలి కవరు.
- ‘వైట్ ఆల్బమ్’ 1968: నలుగురి ఫొటోలు నాలుగు, ఒక పోస్టరు, అట్ట మీద వరస నంబరు. బ్రిటిష్ తొలి అట్టలు పక్కనుంచి కాకుండా పైనుంచి తెరుచుకుంటాయి.
- ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’: రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు.
- ‘విష్ యు వర్ హియర్’ 1975: పోస్టుకార్డు. పైనున్న నల్ల ప్లాస్టిక్ తొడుగు చాలామంది చింపేశారు, ఉంటే అదృష్టం.
- ‘లెడ్ జెపెలిన్ త్రీ’: అట్ట లోపల తిరిగే చక్రం. మెల్లగా తిప్పి చూడండి, మధ్య రివెట్టు వదులైతే అట్ట చిరుగుతుంది.

రోలింగ్ స్టోన్స్ ‘స్టికీ ఫింగర్స్’ 1971 అట్టకు నిజమైన జిప్పు ఉంటుంది. దొంతరగా పేర్చి పంపినప్పుడు ఆ జిప్పు పక్క డిస్కులో గుచ్చుకుని పాటను పాడుచేసింది. అందుకని తర్వాత జిప్పును సగం కిందికి లాగి పంపారు, నొక్కుకున్నా లేబుల్ మీదే పడేలా. మీ అరలోనూ జిప్పు సగంలో ఉంచి, ముందో దళసరి అట్ట పెట్టండి.

బీటిల్స్ ‘యెస్టర్‌డే అండ్ టుడే’ అమెరికన్ కాపీల్లో కొన్నిటికి మాంసం ముక్కలు, బొమ్మల భాగాలతో ఉన్న పాత ఫొటో మీద కొత్త ఫొటో అంటించారు. కొత్త బొమ్మలోని పెట్టెకు కుడిపక్క తెల్లటి చోట లోపలి నుంచి రింగో చొక్కా నల్లటి త్రికోణంలా కనిపిస్తే అది అలాంటిదే. దాన్ని మీరు ఊడదీయకండి. అంటించి ఉన్నదానికే మంచి ధర ఉంటుంది, సగం చిరిగినదానికి ధర బాగా పడిపోతుంది.

దమ్ దమ్ కాపీలు

మనకు దగ్గరలో చవకగా దొరికేవి గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా దగ్గర దమ్ దమ్‌లో నొక్కినవి. వీటిని చులకనగా చూడకండి. బీటిల్స్ డిస్కుల్లో చాలావాటి మీద వై-ఇ-ఎక్స్ మ్యాట్రిక్సే కనిపిస్తుంది, అంటే కటింగ్ బ్రిటన్‌దే. తేడా వచ్చేది వినైల్ నాణ్యతలో, నొక్కడంలోని శ్రద్ధలో. ఉపరితల రొద కొన్నిట్లో ఎక్కువ. పోస్టర్లు, కటౌట్లు అన్నిట్లోనూ ఉంటాయని అనుకోవద్దు. శుభ్రంగా ఉన్న దమ్ దమ్ కాపీ ఒకటి, అరిగిపోయిన బ్రిటిష్ మొదటి ప్రెస్సింగ్ కంటే చెవికి హాయిగా ఉంటుంది.

బ్రిటన్, అమెరికాల్లో 78 ఆర్పీఎం లక్క డిస్కులు ఆగిపోయాక కూడా ఇండియాలో 1960ల మధ్య దాకా నొక్కారు. అందుకే బీటిల్స్ పాటలున్న 78లు ఇక్కడ వచ్చాయి. ప్రపంచమంతా సేకర్తలు వీటి కోసం వెతుకుతారు, నకిలీలూ అందుకే పుట్టుకొచ్చాయి. అసలుది లక్కతో చేసింది. బరువుగా, గాజులా పెళుసుగా ఉంటుంది. వంగేలా, తేలిగ్గా ఉంటే వినైల్ మీద చేసిన నకిలీ. దీన్ని ఎల్పీ ముల్లుతో ఆడించొద్దు. గాడి వెడల్పుగా ఉంటుంది కాబట్టి సుమారు మూడు మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉన్న 78 ముల్లు కావాలి. ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వద్దు, లక్క కరుగుతుంది.

ఎక్కడ, ఎలా కొనాలి

హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ముంబైలో చోర్ బజార్, కోల్‌కతాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత దుకాణాలు. బజారుకు టార్చి, భూతద్దం, మెత్తటి గుడ్డ పట్టుకెళ్లండి. అట్టలోంచి తీసి చూడకుండా కొనకండి, లోపల వేరే డిస్కు ఉండటం మామూలే. హిందీ సినిమా రికార్డుల కట్టల మధ్య ఇంగ్లిషువి ఇరుక్కుని ఉంటాయి కాబట్టి మొత్తం కట్ట తిరగేయాలి.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకాన్ని డిస్కు ధర మీద మాత్రమే కాకుండా రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. ఒక్కోటిగా తెప్పించడం దండగ, ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు కలిపి తెప్పించండి. ఆర్డరుతో పాటు ఇలా రాయండి: డిస్కును లోపలి కవరుతో సహా అట్ట బయట పెట్టాలి, రెండు వైపులా దళసరి అట్టలు వేయాలి. డిస్కు అట్టలోనే ఉంటే దారిలో ఎగిరెగిరి అట్ట పైఅంచును లోపలి నుంచి చీల్చేస్తుంది.

అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పిస్తే క్యాబిన్ బ్యాగులో సర్దమనండి. ఏడు కిలోల పరిమితిలో బ్యాగు బరువు పోను దాదాపు ఇరవై ఎల్పీలు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో కొరియరు కంటే ఇదే నయం. విజయవాడ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో మధ్యాహ్నం వదిలేసిన ఎల్పీ సాయంత్రానికి గిన్నెలా ఒంగిపోతుంది.

కడగడం

కొత్తదైనా పాతదైనా ముందు కడగండి. లీటరుకు డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., వాసనలేని గిన్నెల సబ్బు ద్రవం రెండు మూడు చుక్కలు. కుళాయి నీళ్లు, ముఖ్యంగా బోరు నీళ్లు వద్దు. ఆరాక గాడిలో ఉప్పు మిగిలి చిటపటలాడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు వాడొచ్చు, డబ్బా మీద డీమినరలైజ్డ్ అని ఉంటే.

డిస్కును మెత్తటి తువ్వాలు మీద పెట్టి, లేబుల్ తడవకుండా ద్రావణం చల్లండి. మెత్తటి బ్రష్‌తో గాడి పోయే దారిలోనే గుండ్రంగా, నాలుగైదు చుట్లు. అడ్డంగా ఎప్పుడూ రుద్దొద్దు. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఈ రెండో కడుగుడు మానేసేవాళ్లే ఎక్కువ, మిగిలిన సబ్బు ముల్లుకు అంటుకుని తెల్లటి గుబురులా పేరుకుంటుంది. పాత్రల స్టాండులో నిలబెట్టి అరగంట ఆరనివ్వండి.

విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల నుంచి వచ్చిన కాపీల మీద బూజు మచ్చలుంటాయి. అలాంటివి ఇంట్లోకి తేకముందే కాగితం కవరు పారేయండి, బూజు గింజలు అందులోనే ఉంటాయి. డిస్కును రెండుసార్లు కడగండి. అయినా తెల్లటి చుక్కలు మిగిలితే బూజు వినైల్‌ను తినేసిందని అర్థం, ఆ రొద ఇక పోదు.

దాచడం

లోపలికి పాలీ పూత ఉన్న యాంటీ-స్టాటిక్ కవర్లు, బయటికి పాలీప్రొపైలిన్ కవర్లు. దళసరి మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే వాటిలోని ప్లాస్టిసైజర్ డిస్కు మీద పొగ పట్టినట్టు మరక పెడుతుంది, కడిగినా పోదు.

ఎప్పుడూ నిలువుగా, వాలకుండా, ఇరుక్కోకుండా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నవాటి అట్టల మీద గుండ్రటి మచ్చలు పడతాయి. అర లోపలి ఎత్తు, లోతు 33 సెంటీమీటర్లు ఉంటే చాలు. ఒక అడుగు పొడవులో 70 నుంచి 80 ఎల్పీలు పడతాయి, బరువు 17 కిలోల దాకా ఉంటుంది. వడ్రంగికి ఈ లెక్క ముందే చెప్పండి. మామూలు పుస్తకాల అర అనుకుని పల్చటి ప్లైవుడ్ వేస్తే ఏడాదికే మధ్యలో కుంగుతుంది. మూడడుగులకు ఒకటి కాకుండా అడుగున్నరకు ఒక నిలువు పలక వేయించండి. ఎండ తగిలే గోడ, బాత్రూమ్ పక్క గోడ వద్దు. వానాకాలంలో రంగు మారే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు అరలో పెట్టి, రంగు మారినప్పుడు ఆరబెట్టి మళ్లీ వాడండి.

సీడీలకు ఇంత హడావిడి లేదు. 1987 నాటి బీటిల్స్ సీడీల్లో మొదటి నాలుగు ఆల్బమ్‌లు మోనోలోనే ఉంటాయని తెలిసి కొనండి. బ్రిటన్ పీడీఓ ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 మధ్య చేసిన కొన్ని సీడీలు అంచు నుంచి కంచు రంగుకు తిరిగి చెడిపోతాయి. కొనే ముందు వెలుతురుకు ఎత్తి రంగు చూడండి.

కొన్న రోజే రిజిస్టరులోనో డిస్కాగ్స్‌లోనో ఎక్కించండి: కేటలాగ్ నంబరు, రెండు వైపుల మ్యాట్రిక్స్, డిస్కు గ్రేడు, అట్ట గ్రేడు, లోపలి సరంజామా, ఇచ్చిన ధర. ఆడించాక ఏ పాటలో ఎక్కడ టక్కు ఉందో పక్కన రాయండి. మెరుగైన కాపీ దొరికి పాతది అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగేది అదే.